తువాస్ క్యాంటీన్‌లో సత్యభామ జడ



నేను పనిచేసేది తువాస్‌లో. ఊళ్ళో ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నా, పచ్చ లైను రైలెక్కి పడమటి చివరిదాకా వస్తే తువాస్ లింక్. 2017లో తెరిచారు ఆ స్టేషను. అక్కడితో రైలు ఆఖరు. ఇక ఫ్యాక్టరీలూ, లారీలూ, మనవైపు తమ్ముళ్ళు ఉండే డార్మిటరీలూ. ఇలాంటి చోట జపాన్ నాటకాల గురించి నేర్చుకున్నానంటే నవ్వుతారేమో!

మా సెక్షన్‌లో ఒక జపాన్ ఆవిడ ఉంది, రిటైర్‌మెంట్‌కి దగ్గర పడింది. ఒకరోజు లంచ్‌లో ఫోన్ చూస్తూ తొడమీద తాళం వేస్తోంది. ఏంటండీ అది అన్నాను. "నో" అంది. చెప్పనంటోంది కాబోలని ఊరుకున్నా. తీరా చూస్తే ఆ నాటకం పేరే 'నో'!

ఆరు వందల ఏళ్ళకి పైబడిన కళ అది. దానికి రూపు దిద్దినవాడు జెయామి (1363–1443). ముఖానికి చెక్క ముసుగు, ఒక వేణువు, మూడు డోళ్ళు. నాకు డోళ్ళ సంగతే భలే నచ్చింది. భుజం మీద పెట్టుకునే చిన్నదానికి చర్మం తడిగా ఉండాలట, అందుకని వాయించేవాడు మధ్యమధ్యలో నోటి ఆవిరి పడతాడు. నడుం దగ్గర పట్టుకునే దానికేమో తడి అస్సలు పనికిరాదు, ఆటకి ముందు బొగ్గుల మీద కాచాలి. మన డప్పుని మంట దగ్గర కాచినట్టే కదూ! మధ్యలో ఆ డోళ్ళవాళ్ళు "యో", "హో" అని అరుస్తుంటే బుర్రకథలో వంతలు గుర్తొచ్చారు.

తర్వాత కబుకి చూపించింది. 1603లో క్యోటోలో ఒకుని అనే ఆడమనిషి మొదలుపెట్టిన ఆట ఇది. 1629లో ప్రభుత్వం ఆడవాళ్ళని స్టేజీ ఎక్కొద్దంది. ఆ తర్వాత ఆడ వేషాలు మగవాళ్ళవయ్యాయి. ఆడది మొదలుపెడితే ఆడదాన్నే పంపేశారు, చూశారా! మూడు తీగల షమిసెన్ మోగుతుంటే, మంచులో తెల్లకొంగ పిల్లగా బందో తమసబురో నాట్యం. "చూడు, మగవాడు," అంది ఆవిడ గర్వంగా. 2012లో వాళ్ళ ప్రభుత్వం ఆయన్ని, జనం 'సజీవ జాతీయ నిధి' అని పిలుచుకునేవాళ్ళలో చేర్చిందట.

నా నోట్లో ముద్ద దిగలేదు.

మా తాతయ్య సత్యభామ వేషం కట్టేవాడు. పేరున్న మేళం కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో వీధి భాగవతాలు. భామాకలాపంలో సత్యభామ ముఖం చూపించే ముందు తెర మీదుగా జడ వేస్తుంది, తెలుసుగా? నన్ను మించినవాళ్ళుంటే రండి అని సవాలు. ఆ జడ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండేది, ఎవరూ తీయకూడదు. "ఆడంగి కొడుకు" అని బళ్ళో ఏడిపించేవాళ్ళట నాన్నని. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు, నిజమే. మా తాతయ్యలాంటి వాళ్ళకి మాత్రం వెక్కిరింతలే మిగిలాయి. నా పెళ్ళిచూపుల్లో తాతగారేం చేసేవారని అడిగితే "వ్యవసాయం" అన్నాడు నాన్న. పక్కనే ఉన్నాను, నేనూ తలూపాను.

అత్తయ్యగారూ, ఈ పత్రిక మీ గ్రూపులోకీ వస్తుందని తెలుసు. అందుకే ఇక్కడే చెప్తున్నా.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి జడ ఫోటో కావాలన్నాను. "ఇప్పుడెందుకే అవన్నీ," అని పెట్టేశాడు. మూడోరోజు మా మేనత్త వాట్సాప్‌లో పంపింది. మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద బారుగా జడ. నాగరం రాళ్ళు సగం ఊడిపోయాయి. అంచున నాన్న చెయ్యి కనబడుతోంది, మడత సరిచేస్తూ.

క్యాంటీన్‌లో జపాన్ ఆవిడ ఆ ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఎవరు అల్లారు, బరువెంత, తలకి ఎలా కట్టేవారు అని ఒకటే ప్రశ్నలు. నాకు ఒక్కటీ తెలియదు. సాయంత్రం రైల్లోంచే నాన్నకి ఫోన్ చేసి అవే అడిగాను. తువాస్ లింక్‌లో మొదలుపెట్టిన మనిషి, నేను ఇంటికొచ్చి కుక్కర్ పెట్టినా ఆపలేదు.