నాలుగో కోటింగ్ ఖరీదు

కారు డోరుకి ఎర్ర రంగేసి, పైన క్లియర్ కొట్టి, ఆరాక ఎండలోకి తెస్తే పుట్టీ పెట్టిన చోట మచ్చ తేలిందనుకోండి. షెడ్డులో వినపడే మొదటి మాట ఏంటో తెలుసా మిత్రులారా? "వీడికి పని రాదు." ఆ మాట చాలాసార్లు అబద్ధం. ఆ అబద్ధానికి డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో చెప్పడానికే ఈ వారం రాస్తున్నా.

మా తమ్ముడు విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పెయింటర్. పదో తరగతి అవగానే గన్ పట్టాడు. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి డిగ్రీ పిల్లలకు పాఠం చెప్తున్నా. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే అంటారు చుట్టాలు. నేనొప్పుకోను. వాడి సబ్జెక్టు ఏంటో చదివి మీరే చెప్పండి.

కారు రంగు ఒక్క పొర కాదు. సొట్ట తీసిన రేకు మీద పుట్టీ, దాని మీద ప్రైమర్, ఆ పైన అసలు రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికీ పైన మెరుపూ రక్షణా ఇచ్చే క్లియర్. బేస్ చాలా పల్చటి పొర. మామూలుగా రెండు మూడు కోటింగుల్లో కింద ఉన్నదాన్ని మూసెయ్యాలి. నలుపు మూసేస్తుంది. సిల్వర్ కూడా మూసేస్తుంది, అందులో అల్యూమినియం పలుకులుంటాయి. చిక్కంతా ఎరుపు, పసుపు, నారింజ రంగులతోనే. ఒకప్పుడు వీటిలో సీసం, క్రోమియం కలిసిన పిగ్మెంట్లు వాడేవారు. అవి విషం, కానీ బాగా మూసేవి. వాటి బదులొచ్చిన ఆర్గానిక్ పిగ్మెంట్లు చాలావరకు ధగధగలాడతాయి గానీ వెలుతురుని కిందికి పోనిస్తాయి. కింద ఒకచోట లేత ప్రైమర్, ఒకచోట ముదురు పాత రంగు ఉంటే ఆ తేడా పైకి కొడుతుంది.

"తెల్ల చొక్కా కింద రంగు బనీను కనపడదా అక్కా? అంతే" అంటాడు వాడు.

తొందరలో ఉన్నోళ్లు ఇంకో కోటింగ్, ఇంకో కోటింగ్ అని కొట్టుకుంటా పోతారు. లేదా ఒకేసారి మందంగా కొడతారు. మందంగా కొడితే థిన్నర్ లోపలే ఇరుక్కుని, క్లియర్ పడ్డాక బయటికి రావాలని చూసి సూదిమొనంత బుడగలు లేపుతుంది. మెటాలిక్ రంగయితే పలుకులు తడిలో కదిలి మబ్బులు మబ్బులుగా తేలతాయి.

మా వాడు ముందు కింద పొర చూస్తాడు. ఎమెరీ కొట్టేటప్పుడు ప్రైమర్ అరిగి పుట్టీ బయటపడితే దాన్ని రంగుతో దాచాలని చూడడు, మళ్లీ ప్రైమర్ వేస్తాడు. డోరంతా ఒకే షేడుకి వచ్చేదాకా బేస్ డబ్బా తియ్యడు. పెద్ద పెయింట్ కంపెనీలు తెలుపు నుంచి ముదురు బూడిద దాకా ప్రైమర్ షేడ్లు తయారుచేసుకునే పద్ధతి పెట్టాయి. ఏ రంగు కింద ఏ షేడు ఉండాలో కూడా చెప్తాయి. అది అందుబాటులో లేనప్పుడు ఒకే రకం నలుపు, తెలుపు ప్రైమర్లు కలిపి వీడే ఆ షేడు తెస్తాడు. తర్వాత చిన్న రేకుముక్క మీద నలుపు తెలుపు గళ్ల స్టిక్కర్ అంటించి రంగు కొడతాడు. ఎన్నో కోటింగుకి గళ్లు మాయమయ్యాయో లెక్కపెట్టి, డోరు మీద అన్నే కొడతాడు. గన్ వరస ముందు వరస మీద సగానికి తగ్గకుండా పడాలి. ప్రతి కోటింగ్ తర్వాతా తడి మెరుపు చచ్చేదాకా ఆగాలి. చివరికి పగటి వెలుగులో చూసుకుని అప్పుడు క్లియర్. క్లియర్ పడ్డాక మచ్చ తేలితే మళ్లీ గీకాల్సిందే.

పరిశీలన, ఊహ, నమూనా మీద పరీక్ష, లెక్క, నిర్ణయం. యూనివర్సిటీలో దీన్ని రీసెర్చ్ మెథడాలజీ అని ఒక పేపరుగా పెట్టి మార్కులేస్తాం. షెడ్డులో దీనికి రోజుకూలీ.

వాడు ఇదివరకు చేసిన ఒక షెడ్డులో ఓనరు ప్రైమర్ ఖర్చు దండగన్నాడు. మచ్చల మీదే పసుపు కొట్టమన్నాడు. మూయదని వీడు చెప్పాడు. "మీవాళ్లు కూడా నాకు చెప్పేవాళ్లయ్యారా" అన్నాడాయన. మూయలేదు. ఆరు కోటింగులు పోయాయి. ఎక్కువైన రంగు డబ్బు వాడి కూలీలో కోశారు. మాట విననిది ఓనరు, జరిమానా పనోడికి.

నాలుగో కోటింగుకి ఇంకో ఖరీదుంది. ప్రతి కోటింగుతో థిన్నర్ ఆవిరి ఊపిరిలోకి పోతుంది. పని చెడి మళ్లీ ప్రైమర్, క్లియర్ కొడితే, వాటిలో కలిపే హార్డ్‌నర్‌లో సాధారణంగా ఐసోసయనేట్లుంటాయి. స్ప్రే పెయింటర్లకు పని వల్ల వచ్చే ఆస్తమాకి పెద్ద కారణాల్లో అవి ఒకటి. ఒకసారి అవి ఒంటికి పడకుండా పోతే, తర్వాత కొంచెం పీల్చినా ఆయాసమే. బయటినుంచి మంచిగాలి అందించే మాస్కు కావాలి. మా వాడికి చాలా ఏళ్లు చేతిరుమాలే మాస్కు.

కులం పనిని పంచడం కాదు, పనిచేసేవాళ్లనే మెట్లుగా విడగొట్టడమని బాబాసాహెబ్ 1936లోనే వివరించాడు. ఆ మెట్లలో కిందోడికి తెలిసింది జ్ఞానం అనిపించుకోదు. పైవాడి తప్పు మాత్రం కిందోడి ఖాతాలో పడుతుంది.

సాహిత్యం చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. కింద పొర సరిచెయ్యకుండా పైన ఎన్ని పూతలు పూసినా అనగానే మీకు కవిత రాయబుద్ధేస్తుంది. రాయండి. దానికంటే ముందు మీ ఊరి షెడ్డుకెళ్లి పెయింటర్ దగ్గర కూర్చోండి. ఆయన మాటలు ఆయన పేరుతోనే రాసుకోండి. రంగు చెడితే డబ్బు ఎవరు కడుతున్నారో, మాస్కు ఎవరు కొనిస్తున్నారో అడగండి. ఓనరునీ అదే అడగండి, పదిమంది కలిసి వెళ్లి అడగండి.

జై భీమ్.