ప్రతిరక్షకాల వ్యాకరణం

1984లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన ముగ్గురిలో ఒకరైన నీల్స్ యెర్నె, ఆ సందర్భంగా చేసిన ప్రసంగానికి పెట్టుకున్న శీర్షికను తెలుగులో చెప్పుకోవాలంటే 'రోగనిరోధక వ్యవస్థ ఉత్పాదక వ్యాకరణం' అవుతుంది. పరిమితమైన నియమాలతో అపరిమితమైన వాక్యాలు పుట్టినట్లే, పరిమితమైన జన్యువులతో లెక్కలేనన్ని ప్రతిరక్షకాలు పుడుతున్నాయన్నది ఆయన పోలిక. పోలికకు ఆధారం చామ్‌స్కీ వ్యాకరణం. ఆ చామ్‌స్కీయే 1965 నాటి తన గ్రంథపు పీఠికలో, పాణిని వ్యాకరణాన్ని కూడా అటువంటిదిగా భావించవచ్చునన్నాడు. జీవితమంతా పిల్లలకు బాలవ్యాకరణం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నావంటివాడికి ఇది కంటబడితే ఊరుకోవడం సాధ్యమా, మీరే చెప్పండి!

అసలు ఆ ప్రసంగం దాకా పోవడానికి కారణం మా ఆవిడ చేతివేళ్ళు. నాలుగేళ్ళ క్రిందట ఉదయం లేవగానే ఆమెకు పిడికిలి ముడుచుకొనేది కాదు. వేడినీళ్ళలో చాలాసేపు చేతులుంచితే గాని కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు. ఒంటిని కాపాడవలసిన వ్యవస్థే కీళ్ళ మీద పడి దాడి చేస్తోందని వైద్యుడు విడమరిచి చెబుతూంటే, "కంచే చేను మేసిందన్నమాట" అని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇంటికి వచ్చాక మాత్రం నన్నడిగింది: "ఏమండీ, కంచెకు చేను రుచి ఎవరు మప్పారు?"

హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధన చేస్తున్న మా మేనకోడలికి ఈ ప్రశ్న అప్పగించాను. "మామయ్యా, మేమిప్పుడు సూక్ష్మదర్శిని కంటె కంప్యూటరు ముందే ఎక్కువసేపు కూర్చుంటున్నాం. అక్కడ ఉన్నవన్నీ అక్షరాలే. మీకు అక్షరాలు కొత్తా?" అంది. అలా అరవై దాటిన వయసులో పైథాన్ భాషకు అక్షరాభ్యాసం జరిగింది. గురుదక్షిణగా ఏటా ఆవకాయ జాడీ పంపుతున్నాను.

ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, రెండు రకాల గొలుసులతో తయారవుతుంది. ఒకటి బరువైనది, రెండవది తేలికైనది. శత్రువును పట్టుకొనే కొస ముందుగా రాసిపెట్టి ఉండదు. బరువు గొలుసుకు వి, డి, జె అనే మూడు జాతుల జన్యుశకలాలలో ఒక్కొక్కటి ఏరుకొని అతికించుకుంటుంది కణం. ఇలా శకలాలు అటూ ఇటూ జరుగుతాయని 1976లో నిరూపించిన సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ ఇచ్చారు. మనుషులలో పనికివచ్చే శకలాలు సుమారుగా 40, 23, 6. గుణిస్తే 5,520. తేలిక గొలుసులు రమారమి 320 రకాలు. రెంటినీ గుణిస్తే 17,66,400. నా మొదటి ప్రోగ్రాము ఈ గుణకారమే. పదిహేడు లక్షలు చూసి నేను నోరు వెళ్ళబెడితే, "ఇది ఏమాత్రం చాలదు మామయ్యా, అసలు సంగతంతా సంధిలో ఉంది" అంది మేనకోడలు.

ఆమె వాడిన మాట నిజంగా 'సంధి'యే. శకలాలు కలిసేచోట కొన్ని అక్షరాలు రాలిపోతాయి. ఒక ఎంజైము వచ్చి, మాతృక ఏదీ చూసుకోకుండానే, తోచిన అక్షరాలు చేరుస్తుంది. లోపం, ఆగమం! ఆ తరువాత శత్రువు ఎదురుపడినప్పుడు ఆ కణం తన అక్షరాలను ఒకటి తీసి మరొకటి పెట్టుకుంటూ పట్టు బిగిస్తుంది. అది ఆదేశం. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి లేపి కూర్చుంటుందనీ తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! మన ఛందస్సులో గురులఘువులు రెండే, మూడేసి కలిస్తే ఎనిమిది గణాలు. ఇక్కడ అక్షరాలు నాలుగు, మూడేసి కలిస్తే అరవైనాలుగు. సంధిలో ఒక్క అక్షరం ఎక్కువో తక్కువో అయితే అక్కడినుండి గణవిభజన అంతా చెడిపోతుంది. మూడింట రెండు వంతుల సంధులు అలాగే చెడతాయట. ప్రకృతి ఇంత దుబారా మనిషని నేననుకోలేదు.

ఇక కంప్యూటరు చేసే పని ఏమిటంటే, ఒక కణపు అక్షరమాలను తీసుకొని, ఇది ఏ వి నుండి, ఏ డి నుండి, ఏ జె నుండి వచ్చిందో, మధ్యలో ఏమి రాలాయో, ఏమి చేరాయో విడదీసి చెప్పడం. బ్రౌన్ దొర కొలువులో పండితులు పది తాళపత్రప్రతులు ముందేసుకొని చేసిన పని ఇటువంటిదే. తేడా ఒక్కటే. పరిష్కర్త "ఇక్కడ లేఖకుడు ఒక అక్షరం వదిలాడు" అని అనుభవంతో అంటాడు. ప్రోగ్రాములో ఆ అనుభవాన్ని అంకెగా రాయాలి: ఆదేశానికి ఇంత జరిమానా, లోపానికి ఇంత. 1970లో నీడిల్‌మన్, వున్ష్ చెప్పిన ఈ పద్ధతిని నేను పిల్లల గళ్ళ లెక్కలపుస్తకంలో చేత్తో నింపి నేర్చుకున్నాను. పన్నెండు అక్షరాల ముక్కలు రెండు పోల్చడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. కంప్యూటరుకు రెప్పపాటు కూడా పట్టలేదు. అయినా ఆ మధ్యాహ్నం దండుగ కాలేదు. గళ్ళలో వెనక్కి నడిచి దారి పట్టుకొనేటప్పుడు కలిగిన ఆనందం, అర్థం కాని పద్యానికి అన్వయం కుదిరినప్పటిదే.

ఇంతవరకు వచ్చాక మా ఆవిడ రిపోర్టు బయటకు తీశాను. అందులో 'యాంటీ సి.సి.పి.' అనే పరీక్ష ఉంది, ఆమెకు అది పాజిటివ్. ఆమె కణాల అక్షరాలు దొరికితే దోషి ఎక్కడున్నాడో నా ప్రోగ్రాముతో పట్టేయవచ్చునన్న ఆశ లోపల లేకపోలేదు. మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. మాంసకృత్తులు రాసుకొనే వర్ణమాలలో ఇరవై అక్షరాలు. వాటిలో ఆర్జినీన్ ఒకటి. మాంసకృత్తు తయారయ్యాక ఒక ఎంజైము దానిని సిట్రులీన్‌గా మార్చగలదు. అత్తయ్య ప్రతిరక్షకాలు దాడి చేస్తున్నది ఆ మారిన రూపం మీదనే. కానీ ఇరవై అక్షరాలలో సిట్రులీన్‌కు అక్షరం లేదు. జన్యువును ఎంత చదివినా అక్కడ ఆర్జినీనే కనబడుతుంది.

నాకు వెంటనే మన చకారం గుర్తుకొచ్చింది. 'చదువు'లో దంత్యం, 'చిలుక'లో తాలవ్యం, రాత ఒక్కటే. వినేవాడికి తప్ప చూసేవాడికి తేడా తెలియదు. ఆ రాత్రి ఆమెకు ఇదంతా చెప్పాను. "అయితే మీరు చదివేదాంట్లో నా నొప్పి రాసిలేదన్నమాట" అంది. లేదన్నాను.

కంచెను అదుపులో పెట్టే కాపరి కణాలు కూడా ఉన్నాయి. 2025 నోబెల్ వాటిమీద పనిచేసిన బ్రంకో, రామ్స్‌డెల్, సకగూచిలకే దక్కింది. ఆ కథ మరో టపాలో.

ప్రస్తుతం నేను నేర్చుకుంటున్నది తూకం. అక్షరంలో కనబడని ఆ మార్పు బరువులో దొరుకుతుందట. ఆర్జినీన్ సిట్రులీన్‌గా మారితే బరువు 0.984 డాల్టన్ పెరుగుతుంది. వేలాది ముక్కల తూకాల పట్టికలో ఈ చిన్న తేడాను గాలించే ప్రోగ్రాములున్నాయి. మేనకోడలు ఒక పట్టిక పంపింది, సగం దాకా వచ్చాను. ఈ మార్పుకు తెలుగులో 'వర్ణవికారం' అని రాసుకుంటున్నాను. ఇంతకంటె మంచి మాట తడితే చెప్పండి.