వాల్వుకి వేలాడే తాళంచెవి

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని పడుంటాయి. రంగులు వేయించేవాళ్లు వేయిస్తారు, చెక్కలు మార్పించేవాళ్లు మార్పిస్తారు. గడువు తీరిన రాత్రి ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని అందరికీ ఒకటే తొందర. ఇంజిన్ డ్రైవర్ తప్పు చేయడానికి అంతకంటే మంచి ముహూర్తం దొరకదు. నేను దాన్ని వదులుకోలేదు.

పని రాక కాదు. ఆయిల్ పుల్ల తీసి చూశాను. బెల్టు వేలితో నొక్కి చూశాను. బ్యాటరీ వైర్లు బిగించాను. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చెమ్మ పట్టి డీజిల్లో నీళ్లు చేరతాయి కాబట్టి, ఫిల్టరు కింది మర విప్పి శుభ్రమైన డీజిలు వచ్చేదాకా వదిలాను. చూడనిదల్లా ఒక్కటే, సముద్రపు నీళ్లు లోపలికి తెచ్చే వాల్వు. బోటు కట్టేసిన రోజున దాన్ని మూసింది నేనే.

సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచింది, పొగ పలచబడింది. పైనుంచి సరంగు "ఏరా, ఇంకా ఎంతసేపు?" అని అరిస్తే "పోనీ మావా" అన్నాను. ఆ మాట అనేముందు పక్కకి వంగి, బయటి గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూసుకోవాలి. చప్పుడు బాగుందిలే అనుకున్నాను. నీళ్లు అందకపోయినా కాసేపు చప్పుడు బాగానే ఉంటుంది మరి. లోపల తిరిగే మంచినీళ్లు వేడెక్కి టెంపరేచర్ ముల్లు కదిలేలోపే సముద్రపు నీళ్లు తోడే పంపులోని రబ్బరు చక్రం పొడి రాపిడికి మాడిపోతుంది. ఆ చక్రానికి నీళ్లే నూనె.

హార్బర్ దాటకముందే ముల్లు ఎర్రగీతకి చేరింది. ఇంజిన్ ఆపి, ఆత్రం కొద్దీ మంచినీళ్ల ట్యాంకు మూత తిప్పాను. ఆవిరి మోచేతిదాకా కొట్టింది. చల్లారేదాకా మూత ముట్టకూడదని లారీ క్లీనర్‌కి కూడా తెలుసు. ఇంకో బోటువాళ్లు తాడేసి జెట్టీకి లాక్కొచ్చారు.

వాల్వు మర్చిపోవడం నా ఒక్కడికే జరిగింది కాదు. ఆ తర్వాత చేసిందే సిగ్గుచేటు. పంపు విప్పితే చక్రానికి ఉండాల్సిన 6 రెక్కల్లో 2 మిగిలాయి. విరిగిన ముక్క ఒకటి పంపులోనే ఉంది. పారేశాను. కొత్త చక్రం వేసి వాల్వు తెరిస్తే బయట నీళ్లు పడ్డాయి, బయల్దేరాం. మిగతా 3 ముక్కలు ఎటు పోయాయన్న ప్రశ్నే రాలేదు నాకు. అవి నీళ్లతోపాటు ముందుకు కొట్టుకుపోయి, ఆ నీళ్లతో ఇంజిన్ మంచినీళ్లని చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్‌లోని సన్న గొట్టాల మూతులకు అడ్డంపడి కూర్చున్నాయి. స్లోలో ఏమీ తెలియలేదు. వల దించి లోడు పడ్డాక వేడెక్కడం మొదలైంది. తగ్గిస్తే ముల్లు దిగుతుంది, పెంచితే ఎక్కుతుంది. థర్మోస్టాట్‌ని తిట్టాను, డీజిల్ పోసినవాణ్ణి తిట్టాను. చివరికి వల ఎత్తేసి, సగం వేగంతో వెనక్కి వచ్చాం. వేట లేదు, ఐసు దండగ. మేస్త్రీ ఎక్స్ఛేంజర్ మూత విప్పి, ముక్కుపట్టకారుతో నల్లటి రబ్బరు రెక్కల్ని ఒక్కొక్కటే లాగి నా అరచేతిలో పెట్టాడు. "లెక్కెట్టుకోలేదేట్రా?" అన్నాడు.

ఇప్పుడు చక్రం విరిగితే ముక్కలన్నీ గుడ్డమీద పేర్చి, రెక్కల లెక్క సరిపోయేదాకా పంపు బిగించను.

ఇంజిన్ ఆపడంలోనూ నాకో దురలవాటు ఉండేది. జెట్టీ తగలగానే స్టాప్ లాగేసేవాణ్ణి. మాది టర్బో ఇంజిన్. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది, టర్బో మాత్రం ఆ వేడిమీద ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అందులో మిగిలిన ఆయిల్ మాడి మసి కడుతుంది. ఇప్పుడు న్యూట్రల్లో ఓ 5 నిమిషాలు స్లోలో వదిలాకే ఆపుతున్నాను. ఇంజిన్ పూర్తిగా ఆగాకే బ్యాటరీ మెయిన్ స్విచ్ తీస్తాను. తిరుగుతుండగా తీస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. చివరగా వాల్వు మూసి, ఇంజిన్ తాళంచెవి దాని పిడికే తగిలిస్తాను. మళ్లీ ఎవరు స్టార్ట్ చేయాలన్నా వాల్వుదాకా వంగక తప్పదు. తాళంచెవి అలా బహిరంగంగా వేలాడదీస్తే దొంగలు పట్టుకుపోతారని సరంగు గొడవ. ఇంజిన్ గదికి వేరే తాళం వేయించమన్నాను.