కర్త లేని నిప్పు



నేను తెలుగు పాఠం చెప్పి బతికేదాన్ని. డాక్టరేట్ కూడా తెలుగులోనే చేశాను. కానీ నా తెలుగు మొదటిసారి ఒక ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది కాలేజీలో కాదు. కాలిపోయిన మా ఇళ్ల ముందు, ఒక వేపచెట్టు కింద. ఆ కాగితంలో నేను రాసిన ఒక్క క్రియ గురించి ఇన్నేళ్లలో ఎక్కడా చెప్పలేదు. ఈ వారం చెబుతున్నాను.

అప్పుడు నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంటి దగ్గరున్నాను. పిడుగురాళ్ల అవతల, మా పల్లెకీ రోడ్డుకీ మధ్య ఒక ఆఫీసు వాళ్ల స్థలం ఉండేది. ఏ ఆఫీసో చెప్పను. ఏ ఆఫీసైనా అలాగే చేసేది, అలాగే రాసేది. ఆ స్థలంలో సర్కారు తుమ్మ మనిషెత్తున పెరిగింది. పైనుంచి ఎవరో సారు చూడ్డానికి వస్తున్నారని చెట్లు కొట్టించారు, కుప్పలు వేయించారు. పది రోజులు ఎండాక తగలబెట్టమన్నారు. మే నెల, పొద్దున పదకొండు గంటలు. వడగాలి అప్పుడే మొదలైంది. నీళ్ల ట్యాంకరు లేదు. ఫైర్ స్టేషనుకి కబురు లేదు. పని పురమాయించిన మనిషి నీడలో స్కూటరు మీద కూర్చున్నాడు. అగ్గిపుల్ల గీసింది మా చిన్నాన్న. ఆ రోజుకి కూలికి వెళ్లాడు.

"ఇప్పుడొద్దు సార్, గాలి పల్లె మీదకి మళ్లుద్ది. పొద్దు గూకినాక పెడదాం" అన్నాడంట చిన్నాన్న. "సాయంత్రానికి స్థలం శుభ్రంగా కనపడాల" అన్నాడంట ఆయన.

గాలి మళ్లింది. తొమ్మిది పూరిళ్లు పోయినయ్. కట్టేసిన మేకని విప్పబోయి మా పెద్దమ్మ రెండు చేతులూ కాల్చుకుంది. మేక దక్కలేదు. మా రేకు పెట్టెలో రేషన్ కార్డు, ఇంటి పట్టా, నాయన దాచుకున్న నాలుగు నోట్లు ఉండేయి. పెట్టె మిగిలింది. లోపలున్నవి మసైపోయినయ్.

మర్నాడు వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఒక గుమస్తా కూర్చున్నాడు. "ఏమ్మాయ్, పదో తరగతి రాశావంటగా, నువ్వు రాయి" అని నాకు తెల్ల కాగితం ఇచ్చాడు. ఆయన చెబుతుంటే రాశాను. "నిప్పు అంటుకుని తొమ్మిది ఇళ్లు కాలిపోయినవి" అన్నాడు. నా చెయ్యి ఆగింది. "అంటుకోలేదు గదా సార్, అంటించారు గదా" అన్నాను.

ఆయన నన్ను కోప్పడలేదు. మా నాయన వైపు చూసి మెల్లిగా అన్నాడు: "అంటించారు అంటే ఎవరు అంటించారో కూడా రాయాల. అగ్గిపుల్ల గీసింది మీ తమ్ముడే గదా. రాయమంటావా?"

నాయన చాలాసేపు నేల చూశాడు. తర్వాత నాతో అన్నాడు, "అంటుకుంది అనే రాయమ్మా."

రాశాను. గుండ్రంగా, తప్పుల్లేకుండా రాశాను. తొమ్మిది ఇళ్లవాళ్లూ వేలిముద్రలు వేశారు. బియ్యం ఇచ్చారు, టార్పాలిన్లు ఇచ్చారు, కాస్త డబ్బు ఇచ్చారు. అది సాయం. నష్టపరిహారం కాదు. పరిహారం అడగాలంటే తప్పు చేసినవాడు ఒకడు ఉండాలి. నా వాక్యంలో వాడు లేడు.

తర్వాత చాలా ఏళ్లకు, వ్యాకరణం పాఠం చెబుతూ బోర్డు మీద మూడు మాటలు రాశాను. కాలు, కాల్చు, కాల్పించు. మొదటిది అకర్మకం. ఇల్లు కాలింది. దానంతట అదే జరిగినట్టు ఉంటుంది. రెండోది సకర్మకం. ఇల్లు కాల్చాడు. చేసినవాడు కావాలి. మూడోది ప్రేరణార్థకం. ఇల్లు కాల్పించాడు. చేసిన చెయ్యి ఒకటి, చేయించిన నోరు ఒకటి. సుద్దముక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వేపచెట్టు కింద ఆ గుమస్తా మా ముందు పెట్టింది మొదటి రెండే. అయితే ఎవరూ లేరు, లేకపోతే మీ తమ్ముడు. మూడో క్రియ తెలుగులో ఉందని ఆయన చెప్పలేదు, నాకూ తోచలేదు.

కర్త, కర్మ, క్రియ అని పిల్లలకి వల్లె వేయిస్తాం. ఆ కాగితంలో కర్తని తీసేశాం గనక మా పల్లెకి మిగిలింది కర్మ. "మా కర్మ ఇట్టా కాలింది" అని పెద్దమ్మ చచ్చిపోయేదాకా అనుకుంది.

ఒక మాట చెప్పాలి. నిప్పు పెట్టడమే తప్పని నేను అనడం లేదు. మా నాయన సున్నపు బట్టీలో పనిచేశాడు. పిడుగురాళ్ల బతుకే నిప్పు మీద నడిచే బతుకు. సున్నపురాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి, కింద ముట్టించి, సుమారు 900 డిగ్రీల వేడి దగ్గర రాయిని సున్నం చేస్తారు. వేడి చాలకపోతే రాయి పచ్చిగా మిగులుద్ది, మించితే మాడుద్ది. నాయన బట్టీ దగ్గర రాత్రుళ్లు కాపలా ఉండేవాడు. "నిప్పు పెట్టినోడు నిద్రపోగూడదు" అనేవాడు. రాయి చెడితే ఆయన కూలి తెగేది. అదుపులో నిప్పు పెట్టడం అంటే ఏంటో, అదుపు తప్పితే ఎవరు కట్టుకోవాలో బట్టీ కూలీకి తెలుసు.

అడవుల్లోనూ అంతే. వేసవి రాకముందే ఎండుగడ్డిని గీతలు గీతలుగా కాల్చి ఖాళీ చేస్తారు, తర్వాత వచ్చే పెద్ద మంట అక్కడ ఆగిపోవాలని. వాటిని ఫైర్ లైన్లు అంటారు. అమెరికాలో ఆదివాసులు తరతరాలుగా ఇలా చిన్న నిప్పులు పెట్టుకుంటూ అడవిని కాచారు. ప్రభుత్వం వచ్చి అది నేరమంది. ఎండుపుల్ల పేరుకుపోయాక మళ్లీ ప్రభుత్వమే ఆ పని మొదలుపెట్టింది.

అలా పెట్టిన నిప్పుల్లో ఒకదాని కథ మీకు చెప్పాలి. మన పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. సరిగ్గా రెండు రోజులకు, ఏప్రిల్ 6న, న్యూ మెక్సికో రాష్ట్రంలో హెర్మిట్స్ పీక్ అనే కొండ దగ్గర అమెరికా అటవీ శాఖ ఒక ప్రణాళిక ప్రకారం నిప్పు పెట్టింది. గాలి లేచి నిప్పు గీత దాటింది. అక్కడికి కొంత దూరంలో కాఫ్ కాన్యన్ అనే చోట అదే శాఖ జనవరిలో పుల్లల కుప్పలు కాల్చింది. ఆ నిప్పు ఆరిందనుకున్నారు. మంచు కురిసినా కుప్పల అడుగున బతికే ఉండి ఏప్రిల్‌లో పైకి లేచింది. నివురుగప్పిన నిప్పు అని మనం సామెతలా వాడతాం. అక్కడ అది అక్షరాలా జరిగింది. రెండు మంటలూ కలిసి 3,41,000 ఎకరాలకు పైగా కాల్చినయ్. న్యూ మెక్సికో చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. వందల ఇళ్లు పోయాయి. పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది తాతల కాలం నుంచి ఆ కొండల్లో స్పానిష్ మాట్లాడుతూ బతుకుతున్న పేద రైతు కుటుంబాలు.

ఆ శాఖ తర్వాత ఏం చేసిందన్నది నాకు ముఖ్యం. మే నెలలో దేశమంతా తన అడవుల్లో ఇలాంటి నిప్పులు పెట్టడం ఆపేసి తన పద్ధతిని తనిఖీ చేసుకుంది. జూన్‌లో తన తప్పుల మీద తనే నివేదిక అచ్చేసింది. నిప్పు "అంటుకుంది" అని అందులో రాసుకోలేదు. మేమే పెట్టాం, అడవి ఎంత ఎండిపోయిందో తక్కువ అంచనా వేశాం అని రాసుకుంది. కర్త ఒప్పుకున్నాక చట్టసభ కదిలింది. ఆ మంట బాధితుల కోసం ప్రత్యేక చట్టం చేసి, 2022లోనే రెండు విడతల్లో కలిపి 395 కోట్ల డాలర్లు కేటాయించింది.

అక్కడ అంతా న్యాయమే జరిగిందని నేను చెప్పడం లేదు. డబ్బు చేతికి రావడానికి జనం ఏళ్ల తరబడి తిరిగారు. తాతలు నోటిమాటగా పంచి ఇచ్చిన ఇళ్లకు కాగితాలు ఏవని అడిగితే చూపలేక చాలామంది ఇబ్బంది పడ్డారు. అది చదువుతుంటే మా రేకు పెట్టె గుర్తొచ్చింది. అయినా తేడా చూడండి. వాళ్లు ఇప్పుడు అడుగుతున్నది "మాకు రావాల్సింది ఎప్పుడిస్తారు" అని. మేము అడిగింది "ఏమన్నా ఇప్పించండి బాబూ" అని. ఆ తేడా తెచ్చింది ఒక క్రియ.

అదే ఏడాది అక్టోబరులో, అదే దేశంలో, ఒరెగాన్ రాష్ట్రంలో ఇంకోటి జరిగింది. అటవీ శాఖ పెట్టిన నిప్పు పక్కనున్న ప్రైవేటు భూమిలోకి పాకింది. అక్కడి షెరీఫ్ వచ్చి, ఆ మంటని నడిపిస్తున్న ఉద్యోగికి అక్కడికక్కడే బేడీలు వేశాడు. కొందరు చప్పట్లు కొట్టారు. నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. జవాబుదారీతనం అంటే మంట దగ్గర నిలబడినవాణ్ని పట్టుకోవడమైతే, మన దేశంలో ఆ నిలబడేది ఎవరు? రోజు కూలీ. అడవిలో అయితే చెంచు వాచర్. కులం ఉన్న దేశంలో అగ్గిపుల్ల ఎప్పుడూ కింది చేతిలోనే ఉంటుంది. అందుకే శిక్ష అంటే మనవాళ్లకి భయం. ఆ భయం మీదే పైవాళ్లు తప్పించుకుంటారు.

మన చట్టాలు కూడా ఈ వంకర తిరిగినవే. పల్నాడుకి ఇది కొత్త సంగతి కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవి సర్కారుదైంది, పశువుల మేతకి పుల్లరి కట్టమన్నారు, ఎదిరించినందుకు కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. 1927 భారత అటవీ చట్టం చూడండి. మన రాష్ట్రానికి 1967లో వేరే చట్టం వచ్చింది గానీ, ఆలోచన తెలియడానికి ఆ పాతదే అద్దం. రిజర్వు అడవిలో ఎవరైనా కావాలని గానీ, తీవ్ర నిర్లక్ష్యంతో గానీ నిప్పు పెడితే, అక్కడ మేత హక్కుల్ని, అటవీ ఉత్పత్తుల హక్కుల్ని ప్రభుత్వం ఆపేయొచ్చని సెక్షన్ 26 చెబుతుంది. ఒకడు పెట్టిన నిప్పుకి జనమంతా కట్టుకోవాలి. అదే చట్టంలో సెక్షన్ 74, సదుద్దేశంతో చేసిన పనికి ప్రభుత్వ ఉద్యోగి మీద దావా చెల్లదంటుంది. జనం చేతిలో నిప్పు నేరం. అధికారి చేతిలో నిప్పు సదుద్దేశం.

సరే, విద్యార్థులకి, ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొచ్చే నాలుగు మాటలు.

నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తొమ్మిది ఇళ్లకి ఆ లెక్క చాలా చిన్నది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(2) పెద్దది. దళితుల నివాసం నిప్పుతో నాశనమవుతుందని తెలిసీ ఆ పని చేసిన దళితేతరుడికి యావజ్జీవ శిక్ష ఉంది. ఇక్కడ "తెలిసీ" అన్న మాట దగ్గరే కేసు నిలబడుద్ది, లేదా పడిపోతుంది. అందుకే ముందే హెచ్చరించారా, ఎవరు హెచ్చరించారు, ఎవరు విన్నారు అన్నది మొదటి రోజే కాగితం మీదికి ఎక్కాలి. మా చిన్నాన్న "గాలి మళ్లుద్ది సార్" అన్న ఒక్క మాట మా దగ్గరున్న అతిపెద్ద సాక్ష్యం. అది నేను రాయలేదు.

ఆ చట్టం సెక్షన్ 4 ప్రకారం, మనం నోటితో చెప్పింది పోలీసు అధికారి రాసుకున్నాక సంతకానికి ముందు చదివి వినిపించాలి, కాపీ ఇవ్వాలి. చదువుతున్నప్పుడు క్రియల్ని వినండి. "అంటుకుంది", "కాలిపోయింది", "సంభవించింది" అని వినపడితే ఆపండి. సమాచార హక్కు చట్టం కింద అడగండి: ఆ రోజు తగలబెట్టమని రాతపూర్వక ఉత్తర్వు ఉందా, ఎవరిచ్చారు, అక్కడ ఏ అధికారి ఉన్నారు, నీళ్లు ఎక్కడ పెట్టారు, ఫైర్ స్టేషనుకి ఎన్ని గంటలకు చెప్పారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉత్తర్వు లేదని జవాబొస్తే అది కూడా జవాబే. కూలివాడి పేరు వాళ్లు ముందుకు తోస్తే, కూలి ఎవరిచ్చారో మస్టరు అడగండి.

చిన్నాన్న పోయి మూడేళ్లయింది. పల్లెలో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయనే అనుకున్నాడు. తాగినప్పుడల్లా "నేనే పెట్టా" అనేవాడు. నా చదువు చూసి మురిసిపోయేవాడు. కాదు చిన్నాన్నా, పెట్టించారు అని నేను ఆయనకి చెప్పి ఉండాల్సింది. ఆ మాట నాకు దొరికేటప్పటికి ఆయన లేడు.

ఆ రోజు నేను రాయాల్సిన వాక్యం ఇది. కాస్త పొడుగ్గా ఉంది, అయినా వేపచెట్టు కింద ఒక పదో తరగతి పిల్ల రాయలేనంత పొడుగు కాదు.

"ఫలానా ఆఫీసు అధికారి, గాలి మా ఇళ్ల మీదకి మళ్లుతుందని కూలీ ముందే చెప్పినా వినకుండా, మే నెల పగలు పదకొండు గంటలకు, నీళ్లు సిద్ధం చేయకుండా, మా ఇళ్ల పక్కన నిప్పు పెట్టించి తొమ్మిది ఇళ్లు కాల్పించారు."

జై భీమ్.