గాజుపెట్టెకొఱకు సికిందరాబాదు ప్రయాణము

2024 వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, మాఘమాసపు పెండ్లిండ్ల సందడిలో, మేము హనుమకొండనుండి సికిందరాబాదునకు పోయి వచ్చితిమి. రైలులో మా చుట్టునున్నవారిలో సగముమంది పట్టుచీరలకును, బంగారమునకును పోవుచుండిరి. మేము మాత్ర మొక ఖాళీపెట్టెను కొనుటకు పోవుచుంటిమి. ఆ మాట వినినంతనే ప్రక్కనున్న పెద్దమ్మ నవ్వినది. ఆ పెట్టె వెల యెంత యుండునో చెప్పిన పిమ్మట నవ్వుట మానినది.

మా అమ్మాయి భవనముల చిత్రములు గీయును. ఇల్లు కట్టకమునుపే, అది కట్టిన తరువాత నెట్లుండునో, ఏ కిటికీనుండి ఏ వేళ ఎండ పడునో కంప్యూటరులో చూపుట ఆమె వృత్తి. నాలుగేండ్లు హైదరాబాదులో హాస్టలున నుండి పనిచేసినది. ఇంటినుండియే పని చేసికొమ్మని ఆఫీసువారు ఒప్పుకొనిరి గాని, అందులకు తగిన యంత్రమును ఆమెయే సమకూర్చుకొనవలెను. ఆమె పెండ్లికి బంగారు గాజులు చేయింపవలెనని మేము కట్టుచుండిన చీటీ ఆ నెలలోనే చేతికి వచ్చినది. రెండు దినము లాలోచించి ఆ సొమ్ము యంత్రమునకే పెట్టితిమి. మా అత్తగారి కది సరిపడలేదు. “గాజులకు దాసిన పైసలు గాజుపెట్టెకు పోసిండ్రా?” అని యొక్క మాట యనిరి. దానికి మావద్ద సమాధానము లేకుండెను.

లోపలి పరికరములలో ననేకము అమ్మాయి ముందే తెప్పించుకొన్నది. మిగిలినది వానిని అమర్చుకొనుటకు పెట్టె. దీనిని వర్తకులు క్యాబినెట్టందురు. ఇది లెక్క కట్టదు, బొమ్మ గీయదు. తక్కినవానికి ఇల్లు మాత్రమే. మనము ఇంతకాలము కంప్యూటరనగా బల్లక్రింద నొదిగియుండు ఇనుపపెట్టె యనియే యెఱుగుదుము. బొమ్మలు గీయుటకు వలయు గ్రాఫిక్సు కార్డు ఇప్పుడు అడుగు పొడవునకు కొంచె మెక్కువయే. అమ్మాయి కొన్నది 33 సెంటీమీటర్లు. పనిలో నున్నప్పుడు 300 వాట్లకు పైగా కరెంటు త్రాగును. అంత కరెంటును కడకు వేడిమియే యగును. ఇదిగాక ప్రధానమైన ప్రాసెసరును చల్లార్చుటకు నీరు తిరుగు రేడియేటరొకటి, దానిపై 120 మిల్లీమీటర్ల పంకాలు మూడు. ఇవన్నియు కాళ్ళు చాపుకొనుటకు పెద్ద యిల్లే కావలెను.

కాజీపేటనుండి సికిందరాబాదు 132 కిలోమీటర్లు. జనగామ దాటగానే పెంబర్తి వచ్చును. అచ్చటివారు ఇత్తడిరేకుపై బొమ్మలు తేల్చుటలో కాకతీయులనాటినుండి పేరు పడినవారు. రేకుపని యెట్టిదో తెలిసికొనవలెనన్న బొమ్మను గాదు, అంచును చూడవలెనని మా తల్లిగారు గిన్నెలు కొనునపుడెల్ల చెప్పెడివారు. ఆ మాట ఆ దినమున మాకు పనికివచ్చునని అప్పుడనుకొనలేదు. ఆలేరు దాటిన పిమ్మట, ఏకశిలయైన భువనగిరి కొండ, దానిపై కోట, కిటికీలో చాలసేపు కదలక నిలిచినవి.

సికిందరాబాదు స్టేషనును మఱల కట్టుచుండిరి. బయటపడుటకే చాల చుట్టు తిరుగవలసివచ్చెను. అచ్చటనుండి మెట్రోలో రెండవ స్టేషను ప్యారడైజు. మూడవ నిజామగు సికందర్ జా పేర 1806 లో వెలసిన ఈ దండుపట్టణమున ఇప్పటికిని పార్కులేను, జేమ్సు వీధి యని ఇంగ్లీషు పేళ్ళే వినవచ్చును. పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరను బహు అంతస్తుల కట్టడము కలదు. చెనాయ్ అనునది పారసీకుల ఇంటిపేరు. జనులు దీనిని సి.టి.సి. యందురు. బేగంబజారులో గిన్నెల అంగళ్ళు చూచినవారికి ఈ చోటు క్రొత్తగా తోచదు: ఇఱుకైన నడవలు, ఇరువైపుల చిన్నగదులంతేసి దుకాణములు, కప్పు తాకు అట్టపెట్టెలు, తలపై మూటలతో త్రోసికొనిపోవు కుఱ్ఱవాండ్రు. గిన్నెలకు బదులు వైర్లు, కీబోర్డులు, గాజుపెట్టెలు. పెట్టెలన్నిటిలోను రంగుల దీపములు. పట్టపగలు దీపావళి చూచినట్లుండెను.

మొదటి దుకాణమున ముందంతయు గాజు, దాని వెనుక నాలుగు రంగుల పంకాలు గల పెట్టెను చూపిరి. 5,500 రూపాయలు. “లైట్లు చూడుండ్రి మేడమ్, ఇంత తక్కువల ఎవ్వరియ్యరు,” అని దుకాణదారుడు. చూచుటకు ముచ్చటగానే యుండెను. గాజుప్రక్కన అరచేయి పెట్టి చూచితిమి. పంకాలు వేగముగ తిరుగుచున్నను గాలి లోపలికి పోవు జాడ చేతికి తగులలేదు. గాజునకు చట్రమునకు నడుమ సందు చిటికెనవ్రేలంత. మూత బిగించిన కుండలో విసనకఱ్ఱ ఊపినట్లున్నది. అమ్మాయి మాకంటె ముందే తల యడ్డముగ త్రిప్పినది.

రెండవది ముందు ఇనుపజాలీ గలది. వెల సుమారు 7,000. గాలి ధారాళముగ పోవును, దీపముల ఆర్భాటము లేదు. అమ్మాయి తండ్రిగారికి ఇదియే నచ్చినది. నిజము చెప్పవలెనన్న మాకును నచ్చినది. కాని అమ్మాయి కాగితముపై వ్రాసి తెచ్చిన కొలతలతో చూడగా, ముందు రేడియేటరు పెట్టిన పిమ్మట కార్డునకు 30 సెంటీమీటర్ల చోటే మిగిలినది. మూడు సెంటీమీటర్ల కొఱకు ఆ పెట్టెను విడువవలసివచ్చెను. ఈ కాగితమే లేకున్న దానిని కొని, ఇంటికి తెచ్చి, తల పట్టుకొని యుందుము.

మూడవది పైయంతస్తులో దొరికినది. ముందును, ఎడమప్రక్కను గాజే. రెండును కలియు మూలలో స్తంభము లేదు. చేపల తొట్టివలె నుండుటచే దీనిని ఫిష్ ట్యాంకనియే పిలుచుచుందురు. లోపల నిలువుగోడ యుండి రెండు గదులుగా నున్నది: కరెంటు పెట్టెయు, తీగల చిక్కును వెనుకగదిలో, చూడదగినవి ముందుగదిలో. వంటయింటి గందరగోళము హాలులోనికి కనబడనట్లు. తైవానునందలి లియాన్ లి వారు జర్మను నిపుణుడగు డెర్‌బావర్ సాయముతో 2018 లో ఓ11 డైనమిక్ అను పెట్టెను తెచ్చిన తరువాత ఈ రెండుగదుల తీరు బాగుగ వ్యాపించినది. మేము చూచినది వేఱొకరిదే గాని పోలిక అదియే. గాలి అడుగునుండియు ప్రక్కనుండియు వచ్చి, పైనుండియు వెనుకనుండియు పోవును. కనుక ముందు గాజున్నను ఊపిరాడును.

తల్లిగారి మాట తలచుకొని రేకు అంచులు వ్రేలితో తడవి చూచితిమి. లోపలివైపునకు మడిచినవి, గీచుకొనలేదు. మొదటి దుకాణపు పెట్టెలో ఆ మడత లేదు. అడుగున దుమ్ముజల్లెడ పెట్టె నెత్తకయే ప్రక్కకు సొరుగువలె వచ్చినది. జల్లెడ కడుగువారము మనమే కావున ఇది ముఖ్యము. గాజుపలక మరలు విప్పకయే పైకొసను లాగిన నూడివచ్చును. ఆ సౌకర్యమునకు మిక్కిలి సంతోషించితిమి. తరువాత మమ్ము దెబ్బతీసినది అదియే.

13,800 చెప్పిరి, 13,000 లకు తెగినది. డబ్బు లెక్కపెట్టుచుండగా ఆ అబ్బాయి మెల్లగా, “దీంట్ల ఫ్యాన్లు రావు మేడమ్, అవి వేరే కొనాలె,” అనెను. పెండ్లి కుదిరిన పిమ్మట వరునివారు బండి యడిగినట్లుండెను. పెద్దపెట్టెలలో ననేకము ఖాళీగనే యమ్ముదురట. ఆఱు పంకాలకు 5,400 ఇచ్చితిమి.

తిరుగురైలులో ఆ అట్టపెట్టె సీటుక్రింద దూఱలేదు, పైబల్లపై పట్టలేదు. ఖాళీదైనను 15 కిలోల బరువు. తలుపువద్ద నిలిపి వంతులవారీగా కాపు కాచితిమి. టీవీయా, కూలరా యని దారిపొడవున అడిగినవారికి పెట్టె యని చెప్పితిమి; పెట్టెలో నేమున్నదన్న, పెట్టెయే యున్నదని చెప్పితిమి.

ఇంటికి వచ్చినది ఎత్తు 51, లోతు 47, వెడల్పు 29 సెంటీమీటర్లు. పరికరములన్నియు అమర్చిన పిమ్మట ఇద్దఱు పట్టినగాని కదలదు. నేలపై నుంచిన దుమ్ము పీల్చును, ఊడ్చునపుడు చీపురు తగులును. బల్లపై నుంచిన తెరకు చోటు చాలదు. కడకు వడ్రంగిచే రెండడుగుల లోతుగల క్రొత్తబల్ల చేయించి, గోడకు జానెడు దూరముగ జరిపి పెట్టితిమి. కొనబోవువారు పెట్టెకన్న ముందు బల్లను కొలిచికొనిన మా ఖర్చు తప్పును. మొదటి రాత్రి గదియంతయు ఎఱుపు, నీలము వెలుగులతో నిండగా మా అత్తగారు సినిమాహాలని తలుపు మూసికొనిరి. ఆ దీపముల నార్పవచ్చునని తెలిసిన తరువాత అందఱికి నిద్ర పట్టినది.

ఏప్రిలు 9 న ఉగాది. ముందుదినము ఇల్లు దులుపుచు అమ్మాయి గదిలోనికి పోయితిమి. గాజుపై వ్రేలిముద్రలు, దుమ్ము. ఆమె స్నానమునకు పోయినది. యంత్రము ఆఱి యున్నది. పలకను ఊడదీసి, తుడిచి, ఒక మూల నేలపై నెమ్మదిగా నిలబెట్టితిమి. పడవేయలేదు, తాకింపలేదు. టపాసు ప్రేలినట్లు శబ్దమైనది. చేతిలో నేమియు లేదు. గదియంతయు పటికబెల్లపు ముక్కలవంటి గాజు.

ఇట్టి గాజును 600 డిగ్రీలకు పైగా కాచి, గాలితో దిడీలున చల్లార్చుదురు. పైపొర బిగిసికొనును, లోపలిభాగము లాగుచుండును. ఆ బిగువుచే పలక నడుమ గ్రుద్దినను సులభముగ పగులదు. అంచున మాత్రము సూదిమొనంత చోట గట్టిదెబ్బ తగిలిన చాలు, బిగువంతయు నొక్కసారి విడిపోయి పలకయంతయు పలుకులగును. మన యిండ్ల పింగాణి టైల్సు గాజుకంటె గట్టివి. టైలుపై గరుకొక్కటి అంచునకు తగిలిన చాలును. మా బిందెలు, పళ్ళెములు ఇరువదియేండ్లుగా ఆ నేలపైననే పెట్టుచున్నాము. ఆ నేల ఒకదానికి శత్రువని మాకు తోచలేదు.

పండుగ మఱునాడు అమ్మాయి ఒక ఆసుపత్రి కట్టడపు చిత్రములు పంపవలెను. ఆమె వచ్చి గుమ్మములో నిలిచి చూచినది. “అమ్మా, కాలు కదపకు,” అని చెప్పులు తెచ్చి మా పాదములముందు పెట్టినది. కొంతసేపు మాటలాడలేదు. పెద్దముక్కలు ఊడ్చి, చిన్నవాటిని తడిపిన గోధుమపిండి ముద్దతో అద్ది తీసితిమి. అడుగు పంకాలలో పడిన రెండు మూడు పలుకులను టార్చి పట్టి ఏఱితిమి. రాత్రి పదునొకండు గంటలాయెను. “నేల మీద పెట్టొద్దని నీకు చెప్పనిది నేనే,” అని అప్పుడన్నది. అది మాకు కోపముకంటె కష్టముగ నుండెను. అత్తగారు మాత్రము, “పండుగపూట పగిలిందనకుండ్రి, చిట్లిందనుండ్రి,” అని చెప్పి పడుకొనిరి.

గాజు లేకున్నను యంత్రము నడచును. పురుగు, బల్లి దూఱకుండ నేమి చేయుదుమని తలచి, కిటికీకి కొట్టగా మిగిలిన దోమలజాలీ ముక్కను కత్తిరించి అయస్కాంతపు బిళ్ళలతో అంటించితిమి. తెల్లవాఱువఱకు ఆమె పనిచేసినది. చిత్రములు వేళకు పోయినవి. అంతకుముందు అట్టి పనిలో 81 డిగ్రీలు చూపిన కార్డు జాలీతో 74 చూపినది. అన్ని పెట్టెలకు నిట్లే యగునని చెప్పజాలము. గాలి నడక చెడి వేడి హెచ్చునవియు కలవట. మా గదిలో, మా ఎండలో ఇట్లైనది.

క్రొత్త పలక విడిగా దొరకుటకు నలువది దినములు పట్టినది; 2,600 రూపాయలు. వచ్చినదిగాని వెంటనే పెట్టలేదు. జూనులో తొలివానకు ఉసిళ్ళు లేచి ఆ వెలుగునకు గుంపులుగ వచ్చి జాలీపై వ్రాలగా, గాజునకు గల ఉపయోగము తెలిసినది. ఇప్పుడు మా యింట వేసవికి జాలీ, వానలకు చలికి గాజు. తీసిన పలకను నేలకు తాకనీయక, మంచముమీద రెండు బొంతల నడుమ పరుండబెట్టుదుము. జల్లెడను పక్షమున కొకమాఱు నీట కడిగి, నీడన బాగుగ ఆఱిన తరువాతనే పెట్టుదుము. పత్తిలారీలు తిరుగు కాలములో వారమునకే నిండిపోవును.

ఆ యేడు దసరాకు ఆయుధపూజలో యంత్రమునకు బొట్టు పెట్టువేళ అత్తగారు తామే వచ్చిరి. గాజుపై కుంకుమ నిలువదని రేకుపై పెట్టిరి. పిమ్మట గాజునకు ముఖమానించి తిరుగు పంకాలను చూచి, ఇందులో నీవేళ ఎవరి యిల్లున్నదని మనుమరాలి నడిగిరి. ఆమె తెరపై చూపినది.

“తూర్పుకు కిటికీ లేదేందే?”

“ఇంటోళ్ళు వద్దన్నరు నానమ్మా.”

“ఒక్కసారి చెప్పి చూడు,” అని స్టూలు జరుపుకొని అచ్చటనే కూర్చుండిరి.