ఏటికొప్పాక కాళ్లగిన్నె

అనకాపల్లి దాటి తునివైపు పోవు మార్గమున, చెరకుతోటల నడుమ, వరాహనది యొడ్డున ఏటికొప్పాక యను గ్రామము కలదు. విశాఖపట్టణమునకు సుమారు 64 కిలోమీటర్ల దూరము. 2022వ సంవత్సరమున అనకాపల్లి ప్రత్యేక జిల్లా యైనది మొదలు ఈ యూరు ఆ జిల్లాలోనిది. అంతకుముందు విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఊరి పేరెరుగని యింట కూడ ఆ యూరి వస్తువు తెలియకుండదు. పసుపు, ఎరుపు చారలతో నిగనిగలాడు కుంకుమభరిణె, పసిపిల్లల గిలక, బొంగరము, ఆడపిల్లలు బొమ్మరింటిలో వంట చేసెడి లక్కపిడతలు, ఇవన్నియు ఆ యూరి తరిమెనలపైనుండి దిగినవే.

2017వ సంవత్సరమున ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. కొయ్యబొమ్మలకు చెట్టుచేమల రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు పాటుపడిన ఆ గ్రామవాసి సి.వి. రాజుగారిని 2023లో ప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. ఈ సంగతులు పత్రికలలో చదివిన మేము నలుగురు స్త్రీలము సంక్రాంతి వెళ్లిన వారమున ఆ యూరు చూడబోయితిమి. కొనదలచినవి కుంకుమభరిణెలు. మమ్ము నిలిపినది మాత్రము ఒక మూడుకాళ్ల గిన్నె.

ఆ యూరి వీథులలో మొదట వినవచ్చునది తరిమెనల రొద. ఇంటి ముందరి పంచలోనో, పెరటి పాకలోనో ఒక కొయ్యముక్క గిర్రున తిరుగుచుండును. దాని యెదుట ఒకరు ఉలి పట్టి కూర్చుందురు. తెల్లని పొట్టు వారి మోకాళ్లమీద రాలుచుండును. ఇప్పుడు తరిమెనలను విద్యుత్తు త్రిప్పుచున్నది. పూర్వము ఒకరు త్రాడు లాగుచుండగా మరియొకరు ఉలి పట్టెడివారు. మేము కూర్చున్న యింటి వృద్ధుడు తన పెండ్లియైన క్రొత్తలో ఆ త్రాడు తన భార్యయే లాగెడిదని చెప్పెను. "తిప్పిన చెయ్యి దానిది, పేరు నాది" అని నవ్వెను.

ఆ యింటి అరుగుమీద నున్న గిన్నె రెండు దోసిళ్ల అక్షతలు పట్టునంతటిది. పైయంచున పసుపుపచ్చని చార, దాని క్రింద ఎఱ్ఱని పట్టె, అటుపిమ్మట ఏ రంగును లేని తెల్లని కొయ్య. అడుగున మూడు పొట్టి కాళ్లు. అవి అతికినవి కావు. గిన్నెయు కాళ్లును ఒకే కొయ్యలోనివి. గుండ్రముగా తిరుగు తరిమెనపై కాళ్లెట్లు వచ్చినవని మాకు ఆశ్చర్యము కలిగినది.

కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రను చెక్కి, కుంచెతో రంగు వేసి చేయునది. ఏటికొప్పాక వస్తువు అంకుడు కర్రను త్రిప్పి, తిరుగుచుండగనే లక్క నంటించి చేయునది. ఒకటి చెక్కుడు పని, మరియొకటి తరిమెన పని. కాళ్లగిన్నెలో ఈ రెండును కలియవలసియున్నవి.

అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని నారతో నుండును. ఉలికి సులభముగా లొంగును. పచ్చికర్రను వెంటనే పనికి దింపిన యెడల ఆరునపుడు పగులును; గుండ్రని గిన్నె కోలయగును. కనుక నీడను ఆరవేసిన కర్రనే యెన్నుకొందురు. కాళ్లగిన్నెకు మరియొక జాగ్రత్త కలదు. కర్రలోని నార కాలి పొడవున నిలువుగా పోవలెను. నార అడ్డముగా పోయినచో పొట్టికాలు చిన్న దెబ్బకే విరుగును. మన వంటయింటి కవ్వపు కర్ర నిలువు నార గలది గనుకనే అంత చిలికినను విరుగకున్నది.

కర్రను తరిమెనకు బిగించి మొదట వెలుపలి రూపము తీయుదురు. మామూలు గిన్నెకు అడుగు నున్నగా ముగించిన చాలును. కాళ్లగిన్నెకు అడుగున రెండంగుళాల దళసరి కొయ్యను గాజువలె వలయముగా విడిచిపెట్టుదురు. ఆ వలయములోనే మూడు కాళ్లును దాగియున్నవి. పిమ్మట కొన వంగిన ఉలితో లోపలి గుల్ల తీయుదురు. ఎంత లోతు పోయినదో కంటికి తెలియదు. అంచుమీద ఒక పుల్ల అడ్డముగా పెట్టి, దాని ప్రక్కనుండి మరియొక పుల్ల లోనికి దింపి, ఆ కొలత వెలుపల పట్టి చూతురు. అడుగు వ్రేలిమందమైన మిగులవలెను. ఇక్కడ తొందరపడిన యెడల తరువాత కాళ్లు చెక్కునపుడు గిన్నెకు చిల్లు పడును.

అటుపిమ్మట కాళ్లకు గురుతులు. వృత్తలేఖిని ఆ వలయపు వ్యాసార్ధమంత తెరచి వలయముమీద నడిపించిన సరిగా ఆరడుగులలో మొదటి చోటికి వచ్చును. ఒకటి విడిచి ఒకటి గుర్తించినచో మూడు కాళ్లకు సమానమైన మూడు స్థానములు దొరకును. నాలుగు కాళ్లేల పెట్టలేదని మాలో నొకరు అడిగిరి. "నాలుగైతే ఎగుడు దిగుడు నేలమీద ఒకటి గాలిలో ఉంటుందమ్మా. మూడైతే ఎక్కడ పెట్టినా కుదురుగా కూచుంటాది" అని వృద్ధుడు చెప్పెను. పొయ్యికి మూడు రాళ్లు పెట్టెడి మనకు ఈ మాట క్రొత్తది కాదు.

ఇంతవరకును తరిమెన పని. ఇకమీదటి పని ఆ యింటి కోడలిది. మామగారి చేయి వణకుచున్నది; భర్త దూరముననున్న కర్మాగారమునకు పనికి పోవుచున్నాడు. ఆమె గిన్నెను బోర్లించి, పాదములతో అదిమిపట్టి, కాలికిని కాలికిని నడుమనున్న కొయ్యను రంపముతో కోసి, ఉలితో కొంచెము కొంచెముగ తీసివేయుచుండెను. కొయ్య తీయుట కష్టము కాదు. తీసినచోట గిన్నె వంపు ఎడము లేకుండ సాగవలెను. పైన తరిమెన తీర్చిన వంపు కాళ్ల నడుమ చేతితో తీర్చిన వంపుతో కలియవలెను. ఎచ్చట చేయి మొదలైనదో వ్రేలికి తెలియకూడదు. ఆమె ఉలి నాలుగు మారులు నడిపి, బొటనవ్రేలితో ఒకమారు తడవి చూచుచుండెను. తరువాత ఆకురాయి, ఆపైని గరుకు కాగితము. మేము చూచుచుండగ ఒక కాలి యిరుప్రక్కలను తీర్చుటకే గంటకు పైగా పట్టినది.

గిన్నె అడుగుభాగమునకు రంగేల వేయలేదని మేమడిగినపుడు ఆ పనిలోని కిటుకు తెలిసినది. లక్కను కాచి, రంగు కలిపి, సాగదీసి మర్దించి కడ్డీలుగ చేయుదురు. పసుపుకొమ్ము పసుపురంగును, జాఫరా గింజలు ఎఱ్ఱదనమును, నీలి చెట్టు నీలమును ఇచ్చును. పసుపును నీలమును కలిపిన ఆకుపచ్చ యగును. తిరుగుచున్న కొయ్యకు ఆ కడ్డీని అదిమి పట్టిన యెడల రాపిడి వేడికి లక్క కరగి కొయ్య నంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్దిన అద్దమువలె మెరయును. అనగా లక్కకు కొలిమి ఆ తిరుగుటయే. చెక్కిన కాళ్ల నడుమ గుండ్రము లేదు గనుక అక్కడ కడ్డీ నిలువదు. "తిరగని చోట మా లక్క ఎక్కదండి" అని కోడలు చెప్పెను. అందుచేత వారు కాళ్లను కొయ్యరంగుననే విడిచి, నున్నగ రుద్ది ఊరకుందురు.

సులభమైన మార్గము మరియొకటి కలదు. కాళ్లను వేరుగ తరిమెనపై తీసి, ఒక్కొక్కదానికి లక్క పట్టించి, గిన్నె అడుగున రంధ్రములు తొలిచి బిగించవచ్చును. చూచుటకు అవియు అందముగనే యుండును. కాని కొయ్య చలికాలమున ఒక తీరుగను, వానకాలమున ఒక తీరుగను ఉండును. కొన్నియేండ్లకు బిగువు సడలి కాలు ఊడుట కలదు. ఒకే కొయ్యలోని కాలు ఊడదు.

ఇంతటి పనికి దొరకుచున్న వెల యెంత? కోడలు లెక్క సూటిగ చెప్పెను. ఒక కాళ్లగిన్నె ముగియు కాలములో కాళ్లులేని గిన్నెలు నాలుగు తీయవచ్చును. పట్టణపు వర్తకులు దానికి మామూలు గిన్నె వెలకు ఒకటిన్నర రెట్లిచ్చుటయే గొప్ప. పైగా కాళ్లున్న గిన్నెలు ఒకదానిలో నొకటి అమరవనియు, పెట్టెలలో చోటు చాలదనియు వారి ఫిర్యాదు. ఈ సంవత్సరము ఒక వర్తకుడు పెద్ద బేరము తెచ్చి, అన్నియు కాళ్లు లేకుండ చేయుడని కోరినాడట. ఒప్పుకొనిన ఇల్లు గడచును. ఒప్పుకొనిన యెడల ఉలి మూలపడును. ప్రక్కన కూర్చుండి తల్లి చేతినే చూచుచున్న పదేండ్ల బిడ్డకు తరిమెన తెలియును గాని చెక్కుట తెలియదు.

"ఒప్పుకున్నానమ్మా" అని ఆమె తల వంచుకొనియే చెప్పెను. "పిల్ల చదువుంది కదా. కానీ వారానికి రెండు కాళ్లగిన్నెలు చేసి పెడుతున్నాను. అవి పోతే చేస్తాను. పోకపోతే మానేస్తాను."

ఈ మాటకు వృద్ధుడేమియు అనలేదు. మేమును ఏమి చెప్పగలము? ఉలి ఆమె చేతిలోనిదే యైనను అది నిలుచుట ఆమె చేతిలో లేదు. కొనువారి చేతిలో నున్నది. ఇంటి వస్తువులను ఎన్నుకొనువారు చాలవరకు మనమే.

సోదరీమణులారా, కొయ్యగిన్నె కొనునపుడు పైరంగు చూచి మురియక, దానిని బోర్లించి చూడుడు. కాళ్ల నడుమ వ్రేలితో తడవుడు. గిన్నె వంపు ఎగుడుదిగుడు లేక సాగినదేని ఒక మనిషి అక్కడ పూటంతయు కూర్చున్నదని తెలిసికొనుడు. కాలిలోని నార నిలువుగ నున్నదో లేదో చూడుడు. నున్నని బల్లమీద పెట్టి కదపుడు. మూడుకాళ్ల గిన్నె ఊగరాదు. పసిపిల్లలు నోట పెట్టుకొను వస్తువైనచో ఏ రంగు వాడిరో అడిగియే కొనుడు. ఇంటికి తెచ్చిన పిమ్మట అందులో వేడి పదార్థము పోయకుడు, నీట నానవేయకుడు; లక్క మెత్తబడును, కొయ్య పగులును. పొడిబట్టతో తుడిచిన చాలును. పసుపుకుంకుమలకు, అక్షతలకు, తాంబూలపు వక్కలకు అది తరతరములు నిలుచును. తడినేలపై పెట్టినను అడుగు చెమ్మగిల్లదు. కాళ్ల ప్రయోజన మదియే.

ఇక బేరము సంగతి. కాళ్లగిన్నెకు వెల యెక్కువ చెప్పినపుడు, ఆ యెక్కువ దేనికో ఇప్పుడు మనకు తెలిసినది. బేరమాడదలచిన యెడల రంగు దగ్గర ఆడుడు, పరిమాణము దగ్గర ఆడుడు. కాళ్ల దగ్గర మాత్రము ఆడకుడు. మేము ఆ వారపు రెండు గిన్నెలను చెప్పిన వెలకే తీసికొంటిమి. మరి వచ్చు వారమున రెండు తయారగును.