మూడవవాని పూచీ

పూచీ అన్న మాట మన పెద్దలకు బాగా తెలిసినదే. అప్పు పత్రము మీద మరొకరు పూచీగా వ్రాలు చేసినప్పుడు, ఆ మరొకరి ఇల్లెక్కడ, పొలమెక్కడ అని విచారించిన పిదపనే సాహుకారు సొమ్ము లెక్కపెట్టెడివాడు. కాగితము కన్న కాగితము వెనుకనున్న మనిషి ముఖ్యమని వారి ఎరుక. ఈ సంగతి నాకు ఇటీవల ఒక మోటారు కారు విషయమై జ్ఞప్తికి వచ్చినది.

మాది రెండేండ్ల క్రిందట మరొకరి వద్ద కొన్న కారు. కంపెనీ వారంటీ మా చేతికి రాకమునుపే తీరిపోయినది. ఈ వేసవిలో, కారు తయారుచేసినవారును కాక, అమ్మినవారును కాక, వేరొక సంస్థ తరపున ఒకరు టెలిఫోనులో పలుకరించి, పన్నుతో కలిపి 14,000 రూపాయలు కట్టినచో ఒక సంవత్సరము ఇంజనుకు, గేరుబాక్సుకు తాము పూచీ పడుదుమన్నారు.

ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. మా నాయనగారికి ఎనుబదిమూడేండ్లు. మూడు నెలలకొకమారు మూత్రపిండముల వైద్యునికి చూపుటకై విశాఖపట్టణము తీసికొనిపోవలెను. 1936 ఏప్రిల్ 1న జయపురము మదరాసు రాజధాని నుండి విడివడి ఒడిస్సాలో చేరినది గాని, మనవారి వైద్యము, పెండ్లిబట్టలు, మోటారు సామాను నేటికిని ఘాటు దిగువనే ఉన్నవి. రాయగడవారికి విజయనగరము రైలు దగ్గర. వారి అదృష్టము వారిది. మాకు కోరాపుట్టు, పొట్టంగి, సుంకి, సాలూరు మీదుగా రెండువందల కిలోమీటర్లకు పైబడిన దారి. 43వ నంబరు జాతీయ రహదారి 26వ నంబరైనది. ఘాటు మాత్రము ఘాటుగానే ఉన్నది.

హైదరాబాదులోనున్న మా అల్లుడు, "మామయ్యగారూ, తాతగారు బండిలో ఉండగా సుంకి దగ్గర అది ఆగిపోతే ఏం చేస్తారు? ఆలోచించకండి, కట్టేయండి" అన్నాడు. ప్రేమతో అన్న మాటే. సొమ్ము కట్టుటకు ముందు ఒప్పందపు నకలు పంపుమని ఆ సంస్థవారిని అడిగి తెప్పించుకొని, రెండు రాత్రులు చదివినాను. చిన్న అక్షరములు, భూతద్దము అవసరమైనది.

క్లచ్చు ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, బెల్టులు, రబ్బరు గొట్టములు పూచీలో చేరవట. ఇంజను వేడెక్కిన పిదప నడిపినందున కలిగిన నష్టము చేరదట. మరమ్మతుకై ఏ భాగమునైనను విప్పుటకు ముందు వారి అనుమతి పొందవలెను. వారి పరీక్షకుడు వచ్చి చూడవలెను. వారి జాబితాలో మాకు దగ్గరి కార్ఖానా విశాఖపట్టణమున ఉన్నది. అచ్చటికి బండిని ఈడ్పించు ఖర్చు మాదే.

జయపురములో మా కారు చూచు మిస్త్రీ ఒడియావాడు. మాతో చక్కని తెలుగే మాటాడును. ఆ జాబితా చదివి వినిపించగా నవ్వి, "బాబూ, ఘాటు తినేది క్లచ్చునీ బ్రేకులనీ. నీళ్లూ ఆయిలూ చూసుకుంటే ఇంజను జోలికి అంత త్వరగా పోదు" అన్నాడు. ఘాటు తిను వస్తువులన్నియు కాగితము విడిచిపెట్టిన వస్తువులే. ఇంతకన్న నాకు వేరు లెక్క అక్కరలేకపోయినది.

థర్డ్ పార్టీ అన్న మాట వినగానే మనలో కొందరు ఇది ప్రభుత్వము విధించిన బీమా యనుకొందురు. అది వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధిగా చేసిన బీమాలో మూడవ పక్షమనగా మన బండి వలన నష్టపడిన బాటసారి వంటివాడు. ఈ వారంటీలో మూడవ పక్షమనగా మన సొమ్ము తీసికొను సంస్థ. మొదటిది లేనిదే బండి రోడ్డెక్కరాదు; రెండవది ఎవరి యిష్టము వారిది. టెలిఫోనులోని గొంతు ఈ రెంటిని విడదీసి చెప్పుటకు తొందరపడలేదు.

ఆ మూడవవాడే లేకపోయినచో? అమెరికాలో ఇట్టి ఒప్పందములను విరివిగా అమ్మిన యూఎస్ ఫిడెలిస్ అను సంస్థ 2010లో దివాలా తీసినది. కారు వారంటీ పేర యంత్రములచే కోట్లకొలది టెలిఫోను పిలుపులు చేయించినవారికి అక్కడి సమాచార కమిషను 2023లో సుమారు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసినది. ఇక్కడివారందరును అట్టివారని నా భావము కాదు. మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, తగవు పుట్టిన రెండేండ్లలోగా, కొన్నవారు తాము నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. మనవంటి మారుమూలవారికి అది మేలే. కాని తీర్పు వచ్చువరకు నాయనగారి వైద్యము ఆగదు కదా.

హైదరాబాదులో, ఇంటి ప్రక్కనే జాబితాలోని కార్ఖానా ఉండి, ఖరీదైన ఆటోమేటిక్ గేరుబాక్సు బండి నడుపు మా అల్లునికి ఆ కాగితము సబబే కావచ్చును. అతనితో ఆ మాటే అన్నాను. "సరే మామయ్యగారూ, ఘాటు సంగతి మీకే తెలుసు" అన్నాడు, కొంచెము అయిష్టముగానే.

వానలు పడకమునుపే 11,500 రూపాయలతో క్లచ్చు, బ్రేకు ప్యాడ్లు మార్పించినాను. మిగిలిన 2,500 పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేసి, నెలకు వేయి చొప్పున కలుపుచున్నాను. సాలూరులో బండ్లను ఈడ్చుకొనిపోవు ఒకరి నంబరు సంపాదించి, ఘాటు ఎక్కి రాత్రివేళ వచ్చునో రాదో ముందుగానే అడిగినాను. వచ్చునట, వాన పెద్దదైనచో మాత్రము తెల్లవారిన పిదపనేనట. అందుచేత నాయనగారి ప్రయాణములను వేకువనే బయలుదేరునట్లు ఏర్పాటు చేసినాము.